వెనక పెట్టెలో కిటికీ పక్క

జామకాయల గంపతో రైలెక్కినావిడ మెడలో తాడుకి కట్టిన ప్లాస్టిక్ అట్ట ఒకటి వేలాడుతోంది. ఫోను దానికి చూపిస్తే చాలు, డబ్బు వెళ్ళిపోతుంది. నేను అలవాటు కొద్దీ, "ఎలాగమ్మా?" అన్నాను.

"మూడు ముప్ఫయ్యండి."

"నాలుగియ్యి."

ఆవిడ నా వంక జాలిగా చూసి, అట్టని వేలితో తట్టింది. "దీంతో బేరాలుండవు మామ్మగారూ."

మూడే తీసుకున్నాను. ఆవిడ పక్క పెట్టెలోకి వెళ్ళాక చూసుకుంటే అందులో ఒకటి దెబ్బతిన్న కాయ. గాజుల కొట్టులో పుట్టి పెరిగి, చీరల షాపుల వాళ్ళు నన్ను చూసి షట్టర్లు దించుకునేంత పేరు సంపాదించి, చివరికి ఇదీ నా గొప్ప.

ఎదురు సీట్లో ఒక అమ్మాయి. గంజి పెట్టిన నూలు చీర, ఒళ్ళో ఫైలు. నిమిషానికోసారి ఫోనులో టైము చూసుకుంటోంది. అడగకుండా ఉండలేకపోయాను.

"ఉద్యోగంలో చేరడానికా అమ్మా?"

"అవునండి. రాజమండ్రిలో. పదిన్నరకల్లా వెళ్ళాలి."

"ఏ పెట్టెలో కూర్చున్నావో చూసుకున్నావా?"

నోరు జారాక నాకే నవ్వొచ్చింది. ఆ అమ్మాయి అయోమయంగా చూసింది. "ఏ పెట్టెలో కూర్చుంటే ఏంటండీ? అన్నీ ఒకచోటికేగా వెళ్ళేది."

నిజమే. ఈ కరెంటు బండిలో అన్ని పెట్టెలూ ఒకచోటికే వెళతాయి. మా రోజుల్లో అలా కాదు.

మాది తణుకు. బజారు వీధిలో గాజుల కొట్టు. భీమవరం వైపు నించి అత్తిలి, రేలంగి మీదుగా మా ఊరికి వచ్చే ఒంటి లైను నిడదవోలులో పెద్ద లైనుని కలుసుకుంటుంది. అక్కణ్ణించి చాగల్లు, పశివేదల, కొవ్వూరు, ఆ తర్వాత గోదారి వంతెన, అవతల రాజమండ్రి. పొద్దున్నే ఆ బండిలో గుమాస్తాలు, పెరుగు కుండల వాళ్ళు, నరసాపురం వైపు నించి లేసు మూటలతో వచ్చే ఆడవాళ్ళు, అందరూ నెలవారీ పాసుల వాళ్ళే. ఎవరి చోటు వాళ్ళది. ఒక గుమాస్తా గారు రాని రోజున కూడా ఆయన చోట్లో ఎవరూ కూర్చునేవారు కాదు. సంచీ పెట్టుకునేవారు.

నేను కళ్ళు మూసుకుని కూడా ఆ లైను చెప్పగలను. తణుకు దాటేదాకా చక్కెర మడ్డి వాసన, ఆ తర్వాత కాలవ గట్టున తడి గడ్డి వాసన, నిడదవోలు వస్తుంటే బొగ్గు, చాయ్, ఉడికిన వేరుశెనక్కాయలు. మా మామ్మకి మాత్రం ఆ బండి మీద చిన్నచూపు. "ఇప్పుడు మీకు సుఖాలెక్కువయ్యాయి," అనేది వక్క కత్తిరిస్తూ. "మా అత్తగారి రోజుల్లో వంతెన లేదు. రైలు కొవ్వూరులో ఆగిపోయేది. దిగి, పెట్టేబేడా మోసుకుంటూ రేవుకి నడిచి, గోదారి దాటి, అవతలి ఒడ్డున ఇంకో రైలు. అంతకు ముందైతే కాలవ పడవలే. రెండు పూటలకి అన్నం మూటలు కట్టుకుని బయల్దేరేవారు."

"మరి పడవలో కిటికీ సీటుండేదా మామ్మా?" అని అడిగాను ఒకసారి.

"దీనికెప్పుడూ కిటికీ గోలే!" అంది మామ్మ.

గోలే మరి. ఆ బండిలో కిటికీ పక్క చోటు దొరకడమంటే మాటలు కాదు. నాకు పదేళ్ళు వచ్చేసరికి ఇచ్చిపుచ్చుకోవడంలో మంచి చెయ్యి తిరిగింది. బళ్ళో పెన్సిలు ముక్క ఇచ్చి రబ్బరు, రబ్బరు ఇచ్చి నెమలీక, నెమలీక ఇచ్చి వారం రోజుల పాటు ముందు బెంచీ. తాతయ్య కొట్లో బేరాలు చూసి నేర్చుకున్న పాఠం ఒక్కటే: మన అవసరం అవతలివాళ్ళకి తెలియనివ్వకూడదు. ఆ పాఠమే మా అత్త కొంప ముంచబోయింది.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. పెళ్ళయిన రెండో ఏడు మామయ్య పోయాడు. ఆవిడ పుట్టింటికి వచ్చేసి, కొట్టు వెనక గదిలో కూర్చుని గాజుల్ని సైజుల వారీగా వేరుచేసి దారానికి గుచ్చేది. పొద్దుటి నించి సాయంత్రం దాకా ఒళ్ళో ఎర్రవీ, పచ్చవీ, బంగారు చుక్కలవీ. చేతులు మాత్రం బోసి. ఆ గదికి కిటికీ లేదు. పైన ఒక గాజు పెంకు, దాన్లోంచి పడే ఎండ చారని బట్టి టైము చెప్పేది అత్త.

పెళ్ళికి ముందే టీచరు ట్రైనింగు అయింది. మామయ్య పోయిన ఏడాదికి తాతయ్యకి తెలియకుండా రాజమండ్రిలో మిషన్ వాళ్ళ ఆడపిల్లల బడికి అప్లికేషను పెట్టింది. జవాబు ఇంకో ఏడాదికి గాని రాలేదు. అదీ ఎలా వచ్చిందంటే, పోస్టులో ఎక్కడ తిరిగిందో ఏమో, ఏ రోజు సాయంత్రం అయిదు లోపల చేరమన్నారో ఆ రోజు పొద్దున్న పది గంటలకి మా గుమ్మంలో పడింది. చేరకపోతే వరసలో తర్వాతి వాళ్ళకి ఇచ్చేస్తామని కింద రాసి ఉంది.

తాతయ్య ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. కొట్లో పెళ్ళివాళ్ళు గాజుల కోసం కూర్చుని ఉన్నారు. లోపలికి వచ్చి నెమ్మదిగా అన్నాడు. "చూడమ్మా. ఇది నాకిష్టం లేదు. అయినా అడ్డుపడను. ఈ ఒక్కసారే. వెళ్ళి చేరావా, సరే. తప్పిందా, మళ్ళీ ఉద్యోగం ఊసు ఈ ఇంట్లో వినపడకూడదు."

"సరే నాన్నా," అంది అత్త.

"ఒక్కర్తివీ ఎలా వెళతావు? కొట్టు వదిలి అన్నయ్య రాలేడు."

"దీన్ని తీసుకెళతాను." నా జబ్బ పట్టుకుంది.

నాన్న తన చేతి గడియారం విప్పి అత్త చేతికి పెట్టాడు. పట్టా పెద్దదై మోచేతి దాకా జారిపోయేది. రెండేళ్ళ తర్వాత ఆవిడ చేతికి ఏదైనా తొడగడం అదే. అమ్మ గబగబా పులిహోర పొట్లం కట్టింది. మామ్మ మాత్రం గదిలోంచి బయటికి రాలేదు.

మేమెప్పుడూ ఎక్కని మధ్యాహ్నం బండి గంట ఆలస్యంగా వచ్చింది. మేమెక్కింది ముందు పెట్టె. నిలబడడానికి చోటు లేదు. ఎవరో లేసు మూటలావిడ జాలిపడి బల్ల చివర జానెడు జాగా ఇస్తే, అత్త సర్టిఫికెట్ల సంచీ గుండెలకి హత్తుకుని అంచు మీద కూర్చుంది. నేను ఆవిడ మోకాళ్ళ మధ్య. ఇంజను పొగ సూటిగా మా మీదికే. కళ్ళలో బొగ్గు నలుసులు. ఆ ముందు పెట్టెలన్నీ అంత కిక్కిరిసి ఎందుకున్నాయో, ఎవరైనా తెలివైన పిల్లయితే ఆలోచించేది.

తర్వాతి స్టేషన్లో ఎదురు బండి కోసం ఆపేశారు. నేను దిగి చివరిదాకా నడిచి చూసి వచ్చాను. వెనక రెండు పెట్టెల్లో జనం సుఖంగా కాళ్ళు చాపుకుని ఉన్నారు. కిటికీ పక్క సీట్లు మాత్రం నిండాయి. ఒక కిటికీ దగ్గర ఎదురెదురుగా ఒక ముసలాయన, ఆయన భార్య, మధ్యలో పెద్ద పనసకాయ. పండిన వాసన పెట్టెంతా. ముసలాయన చెమటలు కక్కుతూ ప్లాట్‌ఫారం వైపు చూస్తున్నాడు.

"పాపా, ముందు పెట్టెల్లో జాగా ఉందా?" అన్నాడు నన్ను చూసి. "పరిగెత్తి పరిగెత్తి ఇందులో ఎక్కేశాం. ముందుకి మారాలి."

నా వ్యాపార బుద్ధి నిద్రలేచింది. కిటికీ పక్క రెండు సీట్లు వదులుకుని జానెడు జాగా అడుగుతున్నాడు! ఎందుకని అడగాలి కదా? అడగలేదు. అడిగితే ఆయన మనసు మార్చుకుంటాడేమో.

"మాకో చోటుంది తాతగారూ. మా అత్తనడగాలి," అన్నాను బింకంగా.

"మీరెక్కడి దాకా?"

నా అవసరం తెలియనివ్వకూడదు కదా. "ఎంతండీ, నిడదవోలు దాకానే. దిగిపోయేవాళ్ళకి కిటికీలెందుకు? మీరు పెద్దవాళ్ళని అడుగుతున్నాను."

ముసలాయన మొహం వికసించింది. "నిడదవోలేనా! అయితే మీకు ఇదే సుఖం తల్లీ."

పరిగెత్తుకెళ్ళి అత్తకి చెప్పాను. అత్త ఒక్క క్షణం ఆలోచించింది. "ఇక్కడే ఉందామేమోనే," అంది. నేను చెయ్యి పట్టి లాగాను. వచ్చింది. పనసకాయ మోసుకుంటూ వాళ్ళు ముందుకి, మేము వెనక్కి. జానెడు జాగాకి రెండు కిటికీలు. తాతయ్య చూసి ఉంటే కొట్టు నా పేర రాసిచ్చేవాడనుకున్నాను.

బండి కదిలింది. అత్త కిటికీ ఊచల మధ్య మొహం పెట్టుకుంది. కాలవ, కొబ్బరితోటలు, వరి కోసే ఆడవాళ్ళు. గాలికి కొంగు జారినా సర్దుకోలేదు. నేను పులిహోర తింటూ నా బేరాన్ని నేనే మెచ్చుకున్నాను.

నిడదవోలులో బండి ఆగింది. చాయ్ అరుపులు, వేరుశెనక్కాయలు. మా పెట్టె ఒకసారి కుదిపినట్టయి ఊరుకుంది. అత్త గడియారం చూసింది. రెండుంబావు. "ఫరవాలేదు. నాలుగింటికి అక్కడుంటాం," అంది.

అప్పుడు ముసలాయన చాయ్ గ్లాసుతో కిటికీ ముందు నించి వెళుతూ మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

"ఇంకా దిగలేదేంటమ్మా? నిడదవోలన్నారు కదా?"

"మేము రాజమండ్రికండి," అంది అత్త.

ఆయన గ్లాసు అక్కడే కింద పెట్టేశాడు. "రాజమండ్రా! పాప నిడదవోలంది! అయ్యో, ఈ రెండు పెట్టెలూ ఇక్కడ విప్పేస్తారమ్మా! ఇవి సాయంత్రం బెజవాడ బండికి తగిలిస్తారు. దిగండి, దిగండి!"

ఇంజను కూత పెట్టింది. అత్త సంచీ లాక్కుని దిగింది. నేను చెప్పులు వదిలేశాను. మా పెట్టెకీ ముందు పెట్టెకీ మధ్య అప్పటికే రెండు గజాల పగటి వెలుతురు. ముసలాయన పరిగెత్తి తన పెట్టె పట్టుకుని, గుమ్మంలోంచి చెయ్యి చాపాడు. "పాపా, చెయ్యియ్యి!" నేను ఇచ్చేదాన్నే. అత్త వెనక నించి నా జడ పట్టి ఆపేసింది. బండి మా ముందు నించి జారుకుంది. ఆ ముసలావిడ కిటికీలోంచి మొత్తుకుంటూనే ఉంది. "అయ్యో తల్లీ, ఒక్క మాట చెప్పకపోయావా!"

ప్లాట్‌ఫారం మీద మేమిద్దరం, వెనక ఇంజను లేని రెండు పెట్టెలు.

పోర్టరు తాపీగా చెప్పాడు. తర్వాతి పాసింజరు ఆరింటికి. మధ్యలో మెయిలు ఉంది కానీ అది ఇక్కడ ఆగదు. బస్సు ఇందాకే వెళ్ళిపోయింది.

అత్త సంచీ భుజాన వేసుకుంది. "పద," అంది. అరిస్తే బాగుండేది.

రోడ్డు మీద కొబ్బరికాయల లారీ ఒకటి కొవ్వూరు రేవుకి బయల్దేరుతోంది. అప్పటికి గోదారి మీద రోడ్డు వంతెన లేదు. సరుకులైనా మనుషులైనా రేవులో లాంచీయో పడవో ఎక్కి దాటాల్సిందే. డ్రైవరు మొదట కుదరదన్నాడు. అత్త కాగితం చూపించింది. ఆయనకి చదువు రాదు. అయినా తిప్పి తిప్పి చూసి, "ఎక్కండమ్మా, మా చెల్లి కూడా టీచరు చదువుతోంది," అన్నాడు.

చాగల్లు దగ్గర చెరుకు బళ్ళు అడ్డం. పశివేదల దగ్గర రైలు గేటు వేశారు. ఆగని ఆ మెయిలు మా కళ్ళ ముందే దడదడలాడుతూ వెళ్ళిపోయింది. అత్త గడియారం వంక చూడడం మానేసి, దాన్ని అరచేత్తో కప్పి పట్టుకుంది.

రేవుకి చేరేసరికి నాలుగయింది. లాంచీ ఉంది. కానీ కదలదు.

"నిండాలి కదమ్మా," అన్నాడు సరంగు, పళ్ళు కుట్టుకుంటూ. లాంచీ నడిపేది ఆయనే. "ఇంకో పదిహేను మందైనా లేకపోతే డీజిలు దండగ."

గట్టు మీద జనం లేకపోలేదు. బస్సు దిగినవాళ్ళు పక్కనున్న తెరచాప పడవ వైపు వెళుతున్నారు. అందులో చవక. అత్త లాంచీ అంచున నిలబడి అవతలి ఒడ్డు వంక చూస్తోంది. రాజమండ్రి చిన్నగా, బూడిద రంగులో కనిపిస్తోంది. ఆవిడ పెదవులు తెల్లబడిపోయాయి. అది చూశాక నాలో ఏదో తెగింది.

మా కొట్టు ముందు నిలబడి వచ్చేపోయేవాళ్ళని పిలవడం నాకు రోజూ ఉన్న పనే. గట్టెక్కి, వట్టి కాళ్ళతో, గొంతు చించుకున్నాను. "రండమ్మా రండి! కదలబోయే లాంచీ! అర్ధగంటలో రాజమండ్రి! పడవైతే గాలి లేదు, పొద్దుగూకుతుంది! అక్కయ్యగారూ, మీ పట్టుచీరకి పడవలో తడి! బాబాయిగారూ, బుట్ట నేను పట్టుకుంటాను!"

పడవవాడు తెడ్డెత్తి, "ఎవరి పిల్లే నువ్వు! నా బేరాలు చెడగొడతావా?" అని మీదికొచ్చాడు. నేను తప్పుకుని ఇంకా గట్టిగా అరిచాను. సరంగు నవ్వాపుకోలేక, "రేపట్నించి పనిలోకి వచ్చెయ్యి పిల్లా," అన్నాడు. పదిమందిని ఎక్కించాను. ఇంకా అయిదుగురు తక్కువ. ఆయన నా మొహం, అత్త మొహం చూసి తాడు విప్పించాడు.

గోదారి మధ్యకి వచ్చాక ఇసక మేటల్ని తప్పించుకుంటూ లాంచీ నత్తలా వెళుతుంటే, ఏం చెయ్యాలో తోచక నేను నీళ్ళలో చెయ్యి పెట్టి మొక్కుకున్నాను. "తల్లీ, అత్తకి ఉద్యోగం వస్తే ఇంక జన్మలో బేరమాడను." కాసేపాలోచించి, "ఏడాది," అన్నాను. అవతలి రేవు దగ్గర పడుతుంటే, "ఆర్నెల్లు." గోదారితో కూడా బేరమాడాను.

రిక్షా దిగి బడి మెట్లెక్కేసరికి ఆఫీసు గదిలో గోడ గడియారం అయిదూ ఏడు నిమిషాలు. బల్ల వెనక హెడ్మిస్ట్రెస్సమ్మ గారు, తెల్ల చీర, ముక్కు మీద కళ్ళద్దాలు. పక్క బెంచీ మీద ఒక అమ్మాయి కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. వరసలో తర్వాతి మనిషి ఆ అమ్మాయేనని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ పిల్ల ఒక చెప్పుకి తెగిన పట్టీ పిన్నీసుతో కలిపి ఉంది.

అత్త ఊపిరాడక ఉత్తరం బల్ల మీద పెట్టింది.

"అయిదు దాటిందమ్మా," అన్నారు ఆవిడ.

నేను నోరు తెరిచాను. "మా గడియారంలో ఇంకా అవలేదండీ..."

అత్త చెయ్యి నా నోటి మీద పడింది. గడియారం పట్టా నా చెంపకి చల్లగా తగిలింది.

"అయిందండి. ఏడు నిమిషాలు ఆలస్యం. తప్పు నాదే. కిటికీకి ఆశపడి వెనక పెట్టెలో కూర్చున్నాను. నిడదవోలులో ఉండిపోయాను. లారీలో, లాంచీలో వచ్చాను. చేర్చుకుంటే రేపట్నించి ఆలస్యం ఉండదు."

అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. బతిమాలలేదు. ఉన్న ధర చెప్పి ఊరుకున్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

హెడ్మిస్ట్రెస్సమ్మ గారు కళ్ళద్దాలు తీశారు. "ఆ వెనక పెట్టెలు ఇంకా అలాగే విప్పుతున్నారా? మాది పాలకొల్లు. పరీక్షకొస్తూ నేనూ నిడదవోలులో ఉండిపోయాను ఒకసారి." ఒక నిమిషం బెంచీ వైపు చూశారు. ఆ అమ్మాయి తల దించుకునే ఉంది. "నీకు సెలవుల తర్వాత ఇంకో ఖాళీ వస్తుందమ్మా. కబురు పెడతాను," అన్నారు ఆమెతో. ఆ పిల్ల లేచి కాగితాలు మడిచి, పట్టీ ఊడకుండా కాలు ఈడుస్తూ వెళ్ళింది. అత్త సంతకం సగంలో కలం ఆపి, మళ్ళీ మొదలుపెట్టింది. అది సంతోషానికో, ఆ పిల్ల వెళుతున్న చప్పుడికో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇంటికెళ్ళాక సంగతి బయటపడింది. "ఒంటరిగా రైలెక్కడం రాదు గాని, పాఠాలు చెబుతుందట!" అని మామ్మ ఏళ్ళ తరబడి దెప్పింది. ప్రతిసారీ అత్త, "అవునమ్మా, నేనే చూసుకోలేదు," అనేది. నేను ఎదురుగా కూర్చుని అన్నం తినేదాన్ని. నా బేరం సంగతి చెప్పలేదు. మొక్కు సంగతీ అంతే, నాలుగో రోజుకి మర్చిపోయాను.

అత్త ఆ బడిలోనే పనిచేసి రిటైరయింది. సెలవుల్లో తణుకు వచ్చినా వెళ్ళినా ఎప్పుడూ ఇంజను పక్క పెట్టెలోనే. బొగ్గు ఇంజన్లు పోయాయి, పెట్టెలు విప్పడం మానేశారు, పాత వంతెన మీద రైళ్ళు ఆగిపోయాయి, రోడ్డు వంతెన వచ్చాక లాంచీలూ పోయాయి. ఆవిడ మాత్రం ముందు పెట్టె మానలేదు.

ఆ మధ్య ఆవిణ్ణి చూడడానికి వెళ్ళినప్పుడు ఇంక దాచుకోలేక చెప్పేశాను. ముసలాయనతో నేనాడిన మాటలు, నిడదవోలన్న అబద్ధం, అన్నీ. "ఆ రోజు నా తప్పు నెత్తిన వేసుకుని అబద్ధమాడావు అత్తా."

ఆవిడ నవ్వింది. చేతికి సన్నటి గడియారం, పట్టా సరిగ్గా సరిపోయింది.

"అబద్ధమని ఎవరన్నారే? కిటికీలు అంత తేలిగ్గా దొరికితే అనుమానమేసింది, వెనక పెట్టెకి వద్దని నోటిదాకా వచ్చింది. రెండేళ్ళు ఆ గదిలో కూర్చున్నాను కదా. గాలి తగులుతుందని ఆశపడ్డాను. నిజంగా నేనే ఆశపడ్డాను."

నిడదవోలు వచ్చింది. బండి రెండు నిమిషాలు ఆగింది. ఎవరూ ఏమీ విప్పలేదు. ఎదురుగా ఆ అమ్మాయి ఇంకా ఫోను వంక చూస్తూనే ఉంది, నుదుట చెమట.

"ఇలా కిటికీ పక్కకి రామ్మా," అన్నాను లేచి.

"మరి మీరో?"

"నాకేం అక్కర్లేదు," అన్నాను. జన్మలో మొదటిసారి, ఆ మాట నిజంగానే అన్నాను.